నిత్యాహారము – కేన్సరు వ్యాధి: మా మూడూళ్ళ ముచ్చట

వార్షిక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. జంతుశాస్త్రం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక ఏదో ఒక జంతువును గురించి నాలుగు పేజీలు రాస్తే సరిపోవును. కాని వచ్చిన పిల్లల్లో ఒకడు పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "సార్, అసలు ఏం తింటే కేన్సర్ వస్తది? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నరు" అన్నాడు. ఆ రోజు వాడికి సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకొంటున్నాను.

నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో, ఉద్యోగం చేస్తున్నది జగిత్యాలలో, మా అక్కను ఇచ్చింది కోరుట్లలో. ఈ మూడూళ్ళ నీళ్ళు తాగి, ఈ మూడూళ్ళ అన్నం తిన్న శరీరమిది. కావున పుస్తకాల్లో చదివినదానిని ఈ మూడూళ్ళ కంచాల్లో పెట్టి చూపడమే నా ప్రయత్నం. ఇందులో మా ఇంటి సంగతి కూడా కొంత ఉన్నది. అది చెప్పకుండా ఈ విషయం రాయడం నాకు చేతకాదు.

ప్రశ్నలోనే పొరపాటు

'ఏం తింటే వస్తది' అనే ప్రశ్న విషానికి సరిపోతుంది. విషం తిన్నవాడు ఆ పూటనో మరునాడో పడిపోతాడు. కేన్సరు అట్లా రాదు. మన శరీరంలోని కణాలు పాతవి పోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒక కణం రెండుగా చీలే ప్రతిసారీ అందులోని డి.ఎన్.ఏ. అనే రాతప్రతికి నకలు తయారు కావాలి. నకలు రాసేటప్పుడు తప్పులు దొర్లుట సహజం. వాటిని దిద్దుకొనే ఏర్పాటు కూడా కణంలోనే కలదు. ఐతే బయటి నుండి వచ్చే కొన్ని పదార్థాలు ఆ తప్పులను పెంచుతాయి, లేదా దిద్దే చేతిని కట్టిపడేస్తాయి. ఇటువంటి తప్పులు ఒకే కణవంశంలో ఒకదానిపై ఒకటి పేరుకొని, కొన్నేండ్లకు ఆ కణాలు అదుపు తప్పి పెరుగుట మొదలిడుతాయి. దీనికి పది, ఇరవై, ముప్పై ఏండ్లు కూడా పట్టవచ్చును.

కనుక అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎంత? ఎన్నేండ్లు? దేనితో కలిపి? మొదటి రెండూ అందరికీ తోస్తాయి. మూడవదాన్ని మనం మరచిపోతాము. నిజానికి మా మూడూళ్ళలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఆ మూడవదేనని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో 1965 నుండి అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ ఒకటి పని చేస్తున్నది. కేన్సరు కలిగించునని రుజువైన వాటిని అది మొదటి వర్గంలో పెడుతుంది. 'బహుశా కలిగించవచ్చు' అనుకొనేవి 2-ఏ వర్గంలో ఉంటాయి. ఈ వర్గాలు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయే గాని, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. పత్రికల్లో 'మాంసమూ సిగరెట్టూ ఒకటే' అని వచ్చే వార్తలన్నీ ఈ తేడా తెలియకనే పుడుతున్నాయి.

సిరిసిల్ల: సాంచాల చప్పుడులో

మా బాపు సాంచాల మీద పని చేసేవాడు. మా అవ్వ అందరి ఇండ్లలో వలెనే బీడీలు చుట్టేది. రాత్రి పాలిలో నిద్ర ఆగడానికి బాపు ఒక ఉపాయం కనుక్కొన్నాడు. అవ్వ చేటలో ఉన్న తంబాకు చిటికెడు తీసి, సున్నం రాసి, నలిపి, ఎడమ దవడ కింద పెట్టుకొనేవాడు. కొనుక్కోను దుకాణానికి పోనక్కర లేదు, పైసా ఖర్చు లేదు. తెల్లవారి పని దిగినంక ఒళ్ళునొప్పులకు కల్లు. ఇట్లా ఇరవై రెండేండ్లు.

1990 దశకం చివరిలో, నేను ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూరలో కారం తక్కువైందని గమనించాను. "మీ బాపుకు నోరు మండుతందట బిడ్డా, కారం తాకనిస్తలేడు" అన్నది అవ్వ. తరువాతి సెలవులకు వచ్చేసరికి చింతపులుసు మానేసింది. ఆ తరువాత బాపుకు అన్నం మెత్తగా వండి పెరుగుతో కలిపి పెడుతున్నది. మా ఇంట్లో జబ్బును ముందుగా కనిపెట్టింది వంటిల్లే. కాని మేమంతా కూరను మార్చుకొంటూ పోయాము గాని, ఎందుకు మార్చవలసి వచ్చిందని ఎవరమూ అడగలేదు. దవడ లోపల తెల్లని మచ్చ ఉండెను. పసుపు రాస్తే మానుతుందని ఎవరో చెప్పగా నాలుగైదు నెలలు పసుపు రాసుకొన్నాడు. ప్రయోగశాలలో ఎన్నో కప్పల నోళ్ళు విప్పి చూసినవాణ్ణి, బాపు నోరు ఒక్కసారి విప్పి చూడలేదు. ఆ తప్పు నాదే.

హైదరాబాదులో పెద్ద డాక్టరు చూసి, "ఎన్నేండ్ల నుంచి పెడుతున్నవు పెద్దాయనా?" అని మాత్రం అడిగాడు. ఆపరేషన్ చేసి దవడ ఎముక కొంత తీసివేశారు. ఆ తరువాత బాపు మూడేండ్లు బతికాడు.

ఇందులో తంబాకు ఆహారం కాదు, నిజమే. కాని నోట్లోకి పోయేది గనుకనూ, కల్లుతో జోడు కట్టినది గనుకనూ ఇక్కడ చెప్పక తప్పదు. మద్యాన్ని 1988లోనే మొదటి వర్గంలో చేర్చారు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము - వీటి కేన్సర్లకు దానితో సంబంధం రుజువైనది. మద్యంలోని ఆల్కహాలు శరీరంలో అసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుతుంది. అది డి.ఎన్.ఏ.ను దెబ్బ తీస్తుంది. అంతేగాక నోటి లోపలి పొర గుండా పొగాకులోని విషాలు లోపలికి దిగుటకు ఆల్కహాలు దారి చేస్తుంది. 1988లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో రోజుకు రెండు పెట్టెలకు పైగా సిగరెట్లు, నాలుగు గ్లాసులకు పైగా మద్యం, రెండూ ఉన్నవారికి నోటి, గొంతు కేన్సరు ముప్పు ఏ అలవాటూ లేనివారికంటె 35 రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. అవి కూడిక లెక్కలు కావు, గుణకార లెక్కలు. జోడు అంటే ఇదే.

'కల్లు చలువ, అది మద్యం కాదు' అనే మాట మన పక్క తరుచుగా వినవచ్చును. లెక్క కట్టి చూద్దాం. తాటిచెట్టు నుండి దిగిన నీరా తియ్యగా ఉంటుంది. పులిసిన కొద్దీ అందులో ఆల్కహాలు సుమారు 4 నుండి 6 శాతం వరకు చేరును. 5 శాతం ఉన్నదనుకొంటే, 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది సుమారు 20 గ్రాములు. అసిటాల్డిహైడ్‌కు తాటిచెట్టు, ఫ్యాక్టరీ అనే తేడా తెలియదు. ఇక మత్తుమందులు కలిపిన కల్లు సంగతి వేరే చెప్పనక్కర లేదు. గీత కార్మికుల పొట్ట కొట్టమని నా ఉద్దేశం కాదు. చెట్టు నుండి దిగిన తియ్యని నీరాకు గిరాకి పెంచగలిగితే వారికీ మేలు, మనకూ మేలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తల్లులు సంసారాల కోసం పోరాడారు. అందులో కేన్సరు లెక్క కూడా ఇమిడి ఉన్నదని మనం ఇప్పుడు చెప్పుకోవచ్చును.

వక్క విషయం కూడా ఇటువంటిదే. తంబాకు లేని పాన్‌లో ఏమున్నది అనుకొనేవారు. 2004లో వక్కను కూడా విడిగా మొదటి వర్గంలో చేర్చారు. వక్కను, గుట్కాను రోజూ నమిలేవారికి నోటి లోపలి పొర బిగిసి మూడు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరుచుకోని స్థితి వస్తుంది. అది కేన్సరుకు ముందుమెట్టు.

వేడి చాయ్ గురించి కూడా అడుగుతారు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను 2016లో 2-ఏ వర్గంలో పెట్టారు. అన్నవాహికను పదేపదే కాల్చుట వలన వచ్చే ముప్పు అది, చాయ్ ఆకు తప్పు కాదు. ప్రయోగశాలలోని థర్మామీటరుతో మీరే చూడండి. తాగే గ్లాసులో కాదు, పక్క గ్లాసులో! నాలుక కాలకుండా తాగగలిగిన చాయ్‌తో భయం లేదు. కాని దవడలో గుట్కా పెట్టుకొని పొగలు కక్కే చాయ్ గుటక వేసేవాడు మళ్ళీ జోడు కడుతున్నాడు.

జగిత్యాల: మక్కలు, పల్లికాయ, పసుపు

జగిత్యాల పక్క ఊళ్ళకు పంట రోజుల్లో బస్సులో పోతే రోడ్డుకు ఒక పక్కన మక్కలు ఆరబోసి కనబడుతాయి. మబ్బు పట్టగానే రైతు గుండె జారుతుంది. మక్కలు తడిస్తే ధర తగ్గునని అతని భయం. నా భయం ఇంకొకటి.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చినవి. ఏ పురుగూ క్రిమీ దొరకలేదు. చివరకు అవి తిన్న పల్లిచెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, ఆ బూజు వదిలిన విషము దొరికినవి. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని దాదాపు 400 మంది కామెర్లతో పడిపోగా 106 మంది మరణించారు. ఆ ఇండ్లలోని కుక్కలు కూడా చచ్చినవి. ఆ కారణాన్ని వెలికి తీసినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే.

అది ఒక్కసారి ఎక్కువగా తిన్నప్పటి సంగతి. కొద్ది కొద్దిగా ఏండ్ల తరబడి పోతే కాలేయ కేన్సరు. ఇక్కడ కూడా జోడు ఉన్నది. చైనాలోని షాంఘై నగరంలో 18,000 మందికి పైగా పురుషులను ఏండ్ల తరబడి గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు. అఫ్లటాక్సిన్ ఆనవాళ్ళు మూత్రంలో ఉన్నవారికి కాలేయ కేన్సరు ముప్పు మూడు రెట్లకు పైగా, హెపటైటిస్-బి ఉన్నవారికి ఏడు రెట్లు, రెండూ ఉన్నవారికి సుమారు 60 రెట్లు. కనుక పిల్లలకు వేయించే హెపటైటిస్-బి టీకా కూడా ఒక విధంగా ఆహారానికి సంబంధించిన జాగ్రత్తయే.

ఈ విషానికి రంగు లేదు, ఉడికించినా వేయించినా పూర్తిగా పోదు. పోయే మార్గం ముందే ఉన్నది: మక్కల్లో తేమ 12 శాతం లోపు వచ్చేదాకా ఎండబెట్టుట, నేల మీద కాక టార్పాలిన్ మీద ఆరబోయుట, బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద పేర్చుట. పల్లికాయలో ముడుచుకొన్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరివేస్తే విషంలో చాలా భాగం వాటితోనే పోతుంది. చేట ముందు కూర్చొని ఏరే మా అవ్వను చూసి చిన్నప్పుడు విసుక్కొనేవాణ్ణి. ఇప్పుడు ఆ చేటకు దండం పెడుతున్నాను.

ఇక పసుపు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నేలకు అది బంగారం. 1992లో జాతీయ పోషకాహార సంస్థవారే ఒక పరిశోధన ప్రకటించారు. పొగతాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇవ్వగా, వారి మూత్రంలో కణాలను మార్చే గుణమున్న పదార్థాలు తగ్గినవి. మంచి ఫలితమే. కాని మూత్రంలో తగ్గుట వేరు, కేన్సరు రాకుండుట వేరు, వచ్చినది మానుట మరీ వేరు. పసుపు కూరలో వేసుకోండి. మానని పుండు మీద రాసుకొంటూ నెలలు గడపకండి. ఈ వాక్యం రాయడానికి మా ఇల్లు ఎంత మూల్యం చెల్లించిందో మీకు పైన చెప్పాను.

కోరుట్ల: అక్క ఇంటి పాలు

మా అక్కకు రెండు బర్లు ఉన్నవి. ఒకసారి పోయినప్పుడు వాసన మారిన మక్కలను నానబెట్టి బర్లకు పెడుతున్నది. "మనుషులం తినకపోతిమి, పసులకన్న పెట్టద్దారా?" అన్నది. అదే తొట్టిలో పాత పల్లిచెక్క కూడా. బర్రె తిన్న అఫ్లటాక్సిన్‌లో ఒకటి రెండు శాతం రూపం మార్చుకొని ఒకటి రెండు రోజుల్లోనే పాలలో దిగుతుంది. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో అది అర మైక్రోగ్రాము మించకూడదు. మంచి విషయమేమనగా, ఆ దాణా ఆపిన మూడు నాలుగు రోజులకే పాలు శుభ్రపడుతాయి. బావ ఆ బస్తాను పెంటకుప్పలో పోసి వచ్చాడు. "గిది ముందుగాల చెప్పద్దా?" అని అక్క నన్నే కోప్పడింది. నిజమే, ముందే చెప్పవలసింది. పశువైద్య కళాశాల ఉన్న ఊరు కోరుట్ల. ఈ ఒక్క పాఠం ప్రతి పశువుల కొట్టానికీ చేరితే బాగుండును.

అక్క అత్తగారి కాలంలో ఆ ఇంట్లో జొన్న రొట్టె, మక్క గట్క, తైదంబలి నిత్యాహారం. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళతో వరి పెరిగింది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కాని పొట్టున్న ధాన్యం కంచం నుండి తప్పుకొన్నది. ఆఫ్రికాలో పని చేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు 1971లోనే పీచు తక్కువైన తిండికీ పెద్దప్రేగు కేన్సరుకూ సంబంధం ఉండవచ్చునని రాశాడు. పొట్టుతో కూడిన ధాన్యాలు, పీచు ఆ ముప్పును తగ్గిస్తాయని తరువాతి పరిశోధనలు బలపరచినవి. స్థూలకాయం వలన 13 రకాల కేన్సర్ల ముప్పు పెరుగుతుందని 2016లో తేల్చారు. వారానికి నాలుగు రోజులు జొన్న రొట్టె, రోజూ ఒక ఆకుకూర, ఒక పండు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములు తినమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇవేవీ మందుల దుకాణంలో కొనేవి కావు.

ఆదివారం మాంసం

'సార్, మటన్ మానాలా?' అని తప్పక అడుగుతారు. నిల్వ కోసం ఉప్పు, రసాయనాలు కలిపిన మాంసాన్ని 2015లో మొదటి వర్గంలోనూ, మేక, గొర్రె, పశు మాంసాన్ని 2-ఏ లోనూ పెట్టారు. మొదటి రకం రోజూ 50 గ్రాములు తింటే పెద్దప్రేగు కేన్సరు ముప్పు 18 శాతం పెరుగుతుంది. దీని అర్థం నూటికి 18 మందికి వస్తుందని కాదు. మామూలుగా నూటికి ఐదుగురికి వచ్చే చోట దాదాపు ఆరుగురికి వస్తుందని. ఆ అంకెను పైన చెప్పిన 35 రెట్లు, 60 రెట్ల పక్కన పెట్టి చూడండి. వారానికొకసారి మటన్ తిన్నందుకు భయపడుతూ, జేబులో గుట్కా పొట్లం పెట్టుకొని తిరుగుట ఇంటికి నిప్పంటుకొంటే కిటికీ తుడిచినట్లు ఉండును. మటన్‌ను బొగ్గు రంగు వచ్చేదాకా మాడ్చకండి, రోజూ తినకండి, అంతే.

ఆ పిల్లవాడికి నా జవాబు

ఏదో ఒకటి తింటే కేన్సరు రాదు, ఏదో ఒకటి తింటే పోదు. జోడులను విడగొట్టాలె. తంబాకు, వక్క మొత్తానికే మానవలసినవి. మద్యం ఎంత తక్కువైతే అంత మంచిది, అసలే లేకపోతే మరీ మంచిది. బూజు పట్టిన గింజ మనిషికీ వద్దు, పశువుకూ వద్దు. మానివేసిన తరువాత ఏం లాభం అనుకోవద్దు. మద్యం మానిన వారిలో నోటి, అన్నవాహిక కేన్సర్ల ముప్పు తగ్గుతుందని 2023లో అదే లియాన్ సంస్థవారు ప్రకటించారు.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ బాపును, అవ్వను, తంబాకు అలవాటున్న కాకనో చిన్నమ్మనో వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. తుడిచినా పోని తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, మూడు వేళ్ళు పట్టని నోరు - వీటిలో ఏది కనబడినా ఆ వారంలోనే డాక్టరుకు చూపండి. 1955లో స్థాపించిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి హైదరాబాదులో ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది. తొలి దశలో దొరికిన నోటి కేన్సరు చాలావరకు నయమవుతుంది.

"ఏందిరా, గింత చదువు చదివి నా నోరు చూస్తున్నవా?" అని వారు నవ్వవచ్చును. నవ్వనివ్వండి. మా బాపు కూడా అట్లాగే నవ్వి ఉండేవాడు. ఇంట్లో కూరకు కారం ఎందుకు తగ్గిందో మాత్రం అడగడం మరువకండి.